చిన్న విమానంలో గైరో పరికరాలు : వాక్యూమా? విద్యుత్తా?

వేగంగా తిరిగే బొంగరం నిటారుగా నిలుస్తుంది. వేగం మందగించగానే తూలి పడిపోతుంది. పసిపిల్లలు సైతం ఎరిగిన ఈ సత్యమే విమానంలోని గైరోస్కోపుకు మూలాధారం. తిరిగే చక్రం తన ఇరుసు దిశను నిలుపుకొంటుంది కనుక, దాని ఆధారంతో విమానం ఎటు, ఎంత ఒరిగిందో తెలుసుకోవచ్చు.

మబ్బులలో ప్రవేశించిన పైలట్‌కు దిగంతరేఖ కనిపించదు. అప్పుడు సమతాస్థితిని తెలిపే చెవిలోని అవయవమే అతనిని మోసగిస్తుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనలో, పరికరాలను బట్టి విమానం నడపడంలో శిక్షణ లేని 20 మంది సగటున 178 సెకన్లలో విమానంపై అదుపు కోల్పోయారు. అయితే ఆ పరికరాల శక్తి ఎంతటిదో 1929 సెప్టెంబరు 24ననే రుజువైంది. ఆనాడు జేమ్స్ డూలిటిల్ న్యూయార్క్ రాష్ట్రంలోని మిచెల్ ఫీల్డ్‌లో, బయటి దృశ్యం కనబడకుండా కప్పిన కాక్‌పిట్‌లో కూర్చుండి, గైరో పరికరాల సాయంతో విమానాన్ని పైకి లేపి, తిరిగి నేలకు దించాడు.

కర్మాగారంలో తయారైన విమానంలో పరికరాల అమరికను నిపుణులే నిర్ణయిస్తారు. అమెరికాలోవలె ఔత్సాహికుడు స్వయంగా విమానాన్ని నిర్మించుకొనేచోట ఆ భారం అతనిదే. చక్రాన్ని తిప్పే శక్తి దేనినుండి రావాలి?

మొదటి మార్గం వాక్యూమ్ పంపు. ఇంజను తిప్పే ఈ పంపు పరికరం లోపలి గాలిని పీల్చివేయగా, బయటి గాలి దూసుకువచ్చి, నీటిధార జలచక్రాన్ని త్రిప్పినట్లు గైరో చక్రాన్ని త్రిప్పుతుంది. ఇందుకు సుమారు 5 అంగుళాల పాదరసానికి సమానమైన పీడనభేదం చాలు. విద్యుత్తు పోయినా, ఇంజను తిరుగుతున్నంతవరకు ఇది పనిచేస్తుంది. కాని నూనె అవసరం లేని పొడి పంపులలోని కార్బన్ రేకులు ముందస్తు హెచ్చరిక లేకుండా విరిగిపోగలవు. అప్పుడు చక్రం వెంటనే ఆగదు. మెల్లమెల్లగా మందగిస్తూ లేని ఒరుగును చూపుతుంది. దానిని నమ్మిన పైలట్ తిన్నగా పోతున్న విమానాన్ని చేజేతులా ఒరగద్రోస్తాడు.

రెండవది విద్యుత్తు. పంపు, గొట్టాల బరువు తప్పుతుంది. నేడు తిరిగే చక్రమే లేని సూక్ష్మ సెన్సర్ల పరికరాలు కూడా వాడుకలో ఉన్నాయి. 2016లో వెలువడిన గార్మిన్ జీ5 పరికరానికి సుమారు 4 గంటలపాటు పనిచేయించే సొంత బ్యాటరీని అమర్చుకోవచ్చు. కాని ఆల్టర్నేటర్ చెడితే విమానానికి బ్యాటరీయే గతి. ఇంజను జ్వలనం కూడా ఆ బ్యాటరీపైనే ఆధారపడితే ప్రమాదం రెట్టింపవుతుంది.

కావున ఒకటి చెడినప్పుడు మిగిలేది ఏది అన్నదే నిర్మాత వేసుకోవలసిన ప్రశ్న. పాతకాలపు చిన్న విమానాలలో కృత్రిమ దిగంతానికి వాక్యూమును, మలుపును తెలిపే పరికరానికి విద్యుత్తును సాధారణంగా వాడటంలోని రహస్యం ఇదే. అంతా విద్యుత్తుపైనే నడపదలచినవాడు సొంత బ్యాటరీ గల రెండవ పరికరాన్ని తప్పక అమర్చుకోవాలి. వాక్యూమును ఎంచుకొన్నవాడు విద్యుత్తుతో నడిచే పరికరం ఒక్కటైనా ఉంచుకోవాలి. పట్టపగలు నిర్మలాకాశంలో మాత్రమే ఎగిరేవానికి ఈ రెండింటి బరువూ అక్కరలేకపోవచ్చు; అట్టివాడు మబ్బును చూడగానే వెనుకకు మరలాలి.