బీకాంకి తోడు ఇంకో సబ్జెక్టా? ముందు నోటిఫికేషన్లు చదవండి

బీకాం, బీబీఏ చదివే పిల్లల ఇళ్లలో ఈమధ్య ఒకటే ప్రశ్న వినిపిస్తోంది. ‘మావాడు మైనర్‌గా ఏం తీసుకోవాలి? అందరూ డేటా సైన్సే తీసుకోమంటున్నారు.’ ఆ అందరూ ఎవరని ఆరా తీస్తే ఒక సీనియరో, బాబాయిగారి అబ్బాయో, యూట్యూబ్‌లో ఎవరో తేలతారు. ఫలానా ఉద్యోగానికి ఈ సబ్జెక్టు కావాలట అని చెప్పేవాళ్లు మాత్రం అరుదు.

ఒకప్పుడు బీకాంలో చేరితే జనరలా, కంప్యూటర్సా అన్నది తేల్చుకుంటే సరిపోయేది. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (తోడు సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. నిబంధనలు ఏటా కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటాయి కాబట్టి మీ బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో కాలేజీ ఆఫీసులోనే అడగండి. దేశం మొత్తానికీ చూస్తే, యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ల విధానమే దీనికి ఆధారం. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కి 24. డబుల్ మేజర్ అనిపించుకోవాలంటే రెండో సబ్జెక్టులో కనీసం 40 శాతం, అంటే 48 క్రెడిట్లు రావాలి. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల క్లాసు. ఆ లెక్కన మైనర్‌కి 360 గంటలు, రెండో మేజర్‌కి 720 గంటలు. ఇంట్లో చదువుకునే సమయం దీనికి అదనం.

ఆ 720 గంటలు పెట్టడం దండగ అనను. పెట్టేముందు అవి ఏ తలుపు తెరుస్తాయో చూసుకోమంటాను. చాలామంది విషయంలో ఆ తలుపు ముందే తెరిచి ఉంటుంది. బ్యాంకు పీవో, క్లర్కు, గ్రూప్-2... వీటన్నిటికీ ఏదో ఒక డిగ్రీ చాలు. మీ మైనర్ ఏమిటని అక్కడ ఎవరూ అడగరు. వీటికే చదువుతామని నిర్ణయించుకున్నవారు రెండో సబ్జెక్టు గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. తేలిగ్గా మార్కులు వచ్చేది తీసుకుని, మిగిలిన సమయం అరిథ్‌మెటిక్‌కీ రీజనింగ్‌కీ ఇవ్వండి.

స్టాటిస్టిక్స్ సంగతి వేరు

కామర్స్ విద్యార్థికి నిజంగా కొత్త తలుపు తెరిచే మైనర్ ఒక్కటి చెప్పమంటే స్టాటిస్టిక్స్ అంటాను. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకి డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలి. లేదంటే అందులో పీజీ చేయాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు ఉంది. దానికి ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతం మార్కులైనా ఉండాలి, డిగ్రీలో స్టాటిస్టిక్స్ అయినా ఉండాలి. ఇంటర్లో సీఈసీ చదివి బీకాంలోకి వచ్చినవారికి మొదటి దారి ఎప్పుడో మూసుకుపోయింది. వాళ్లకి మిగిలింది రెండోదే. పైగా స్టాటిస్టిక్స్ లేకుండా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో సీటు దొరకడం కష్టం.

ఇందులో రెండు చిక్కులున్నాయి. కొన్నిచోట్ల ఇంటర్లో మ్యాథ్స్ లేనివారికి ఈ మైనర్ ఇవ్వరు. ఇక కొన్ని పోస్టులకు స్టాటిస్టిక్స్‌ని డిగ్రీ మూడేళ్లూ చదివి ఉండాలని రాస్తారు. రెండో సెమిస్టర్లో మొదలయ్యే మైనర్‌ని వాళ్లు ఎలా లెక్కిస్తారో దరఖాస్తు చేసే రోజున కాదు, మైనర్ ఎంచుకునే రోజునే ఆలోచించాలి. పాత నోటిఫికేషన్ పీడీఎఫ్ దించుకుని ‘ఎసెన్షియల్ క్వాలిఫికేషన్’ అన్న పేరా చదవడానికి పది నిమిషాలు పట్టదు. మన పిల్లలు కోచింగ్ సెంటర్ కరపత్రం చదివినంత శ్రద్ధగా నోటిఫికేషన్ చదవరు. అదే వచ్చిన ఇబ్బంది.

ఎకనామిక్స్ రెండో స్థానంలో ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు గ్రేడ్-బి జనరల్ పోస్టులకు రెండో దశలో ఎకనామిక్ అండ్ సోషల్ ఇష్యూస్ ఒక పేపరు, ఫైనాన్స్ అండ్ మేనేజ్‌మెంట్ ఇంకో పేపరు. బీకాంతో పాటు ఎకనామిక్స్ మైనర్ చదివినవాళ్లు ఈ రెండింటికీ సగం సిద్ధమైనట్టే. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కి మాత్రం ఎకనామిక్స్ లేదా దాని అనుబంధ సబ్జెక్టులో పీజీ తప్పనిసరి. ఈ మైనర్ మీకు ఎమ్మే దాకా దారి చూపుతుంది, అక్కడి నుంచి నడక మీదే.

ప్రైవేటు కంపెనీలో ఏం అడుగుతారు?

హైదరాబాద్‌లో ఏదైనా అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్లారనుకుందాం. మార్కుల మెమో పక్కన పెట్టి ల్యాప్‌టాప్ మీ ముందుకు తోస్తారు. ఎక్సెల్‌లో రెండు షీట్లు ఉంటాయి. ఒకటి కంపెనీ కొనుగోళ్ల రిజిస్టర్, రెండోది ఆ నెల జీఎస్టీఆర్-2బి. సరకు అమ్మినవాళ్లు చూపిన బిల్లులన్నీ ప్రతి నెలా 14న ఈ 2బిలో వచ్చి కూర్చుంటాయి. అందులో లేని బిల్లుకి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బి వేయడానికి సాధారణంగా గడువు 20. నడుమ ఉన్న ఆ కొద్ది రోజుల్లో తేడాలన్నీ పట్టుకోవాలి. ‘ఏ బిల్లులు తప్పాయో చెప్పండి’ అంటారు.

సిలబస్‌లో వీలుకప్ చదివినవాడు వీలుకప్ కొడతాడు. సగం బిల్లులు దొరకలేదని వస్తుంది. ఎందుకంటే ఒక షీట్లో బిల్లు నంబరు 0045 అని ఉంటే ఇంకో షీట్లో 45 అని ఉంటుంది. కొన్నిటి చివర కంటికి కనపడని ఖాళీ ఉంటుంది. దాన్ని ట్రిమ్‌తో తీసేయాలని తెలిసినవాడికే పని ముందుకు సాగుతుంది. అయితే అంతటితో అయిపోదు. ఒక బిల్లు రెండు చోట్లా ఉంది కానీ మన రిజిస్టర్లో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని, అవతల ఐజీఎస్టీ అని ఉంది. ఇది తప్పా, ఒప్పా? ఇక్కడ కావాల్సింది ఎక్సెల్ కాదు, పన్ను చట్టం. సప్లయర్ ఏ రాష్ట్రంవాడు, సరకు ఎక్కడ దిగింది అన్నది చూడాలి. అంటే బీకాం గట్టిగా వచ్చి ఉండాలి, దానికి కంప్యూటర్ తోడవ్వాలి. పైథాన్ సర్టిఫికెట్ ఉండి ఐజీఎస్టీ ఎప్పుడు పడుతుందో తెలియనివాడికి ఆ కుర్చీ దక్కదు.

అందుకే డేటా సైన్స్ మైనర్ విషయంలో నా మాట కాస్త కటువుగా ఉంటుంది. సిలబస్ తెప్పించి చూడండి. అందులో ప్రాబబిలిటీ, రిగ్రెషన్, ఎస్‌క్యూఎల్ ఉంటే తీసుకోండి. మూడు సెమిస్టర్లపాటు ఎక్సెల్, పవర్‌పాయింట్, ‘డేటా సైన్స్ పరిచయం’ తప్ప ఏమీ లేకపోతే వదిలేయండి. బీకాం కంప్యూటర్స్ చదివేవారు ఇందులో సగం ఇప్పటికే చదువుతున్నారు. అలాగే బీకాం మేజర్‌కి మార్కెటింగ్ మైనర్, బీబీఏకి హెచ్ఆర్ మైనర్ లాంటివి ఇడ్లీకి నంజుడుగా ఇంకో ఇడ్లీ వడ్డించినట్టే.

సీఏ చేసేవారూ, అమెరికా వెళ్లేవారూ

డిగ్రీతో పాటు సీఏ ఇంటర్ చదువుతున్నవారికి రెండో మేజర్ వద్దే వద్దు. ఆ 720 గంటలూ సీఏ ఇంటర్‌లోని ఆరు పేపర్లకు కావాలి. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. అంటే అంతకుముందు చదివి వచ్చినదే పనిలో ఎక్కువగా అక్కరకొస్తుంది. డిగ్రీ అయ్యాక నేరుగా సీఏ ఇంటర్‌లో చేరాలనుకునే కామర్స్ పట్టభద్రులకు 55 శాతం మార్కులు కావాలి. రెండో మేజర్ బరువుతో ఆ శాతం పడిపోతే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

అమెరికాలో ఎంఎస్ బిజినెస్ అనలిటిక్స్ మీద కన్నేసినవారి లెక్క ఇంకోలా ఉంటుంది. ఈ కోర్సులు చాలా యూనివర్సిటీల్లో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కింద వస్తాయి. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఏడాది అనుమతికి (ఓపీటీ) మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది కాబట్టి మన పిల్లలు వీటివైపు మొగ్గుతారు. అక్కడ ట్రాన్‌స్క్రిప్ట్‌లో స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ కనబడాలి. పైగా చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీ అడుగుతారు. వీరు స్టాటిస్టిక్స్ మైనర్‌తో పాటు నాలుగో ఏడాది ఆనర్స్ గురించి కూడా ఇప్పుడే ఆలోచించుకోవాలి.

మీ కాలేజీలో కావాల్సిన మైనర్ లేకపోతే దారులు లేకపోలేదు. 2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ అనుమతి ఉంది. ఒకటి రెగ్యులర్‌గా, ఇంకోటి ఇగ్నో లేదా అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేయవచ్చు. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌కి ఇంటర్లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, టెన్త్‌లో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. క్వాలిఫయర్ దాటాలి, తర్వాత ప్రతి వారం అసైన్‌మెంట్లు. పేరు చూసి చేరితే నెలలోనే చేతులెత్తేస్తారు.

ఇంతా చెప్పాక నా సలహా ఇది: మైనర్ తీసుకోండి, రెండో మేజర్ జోలికి అందరూ వెళ్లనక్కర్లేదు. ఫారంలో టిక్కు పెట్టే ముందు, ఆ సబ్జెక్టు మీ కాలేజీలో ఎవరు చెబుతున్నారో, పర్మనెంట్ లెక్చరరా, గెస్ట్ ఫ్యాకల్టీయా, అసలు పోస్టే ఖాళీగా ఉందా అని సీనియర్లని అడగండి. ఒకసారి ఎంచుకున్న మైనర్‌ని తర్వాత మార్చనిస్తారా అన్నది కూడా అదే రోజు తెలుసుకోండి.