జవాబు చెప్పింది ఎవరు? డీఎన్ఎస్, అన్‌బౌండ్, ఒక చిన్న ప్రయోగం

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, "అన్నా, ఫలానా కోచింగ్ సెంటర్ ఎటు?" అని అడిగామనుకోండి. ముందు ఎవరు చెయ్యి చూపిస్తే అటే నడుస్తాం. డీఎన్ఎస్ కూడా చాలా ఏళ్లు ఇలాగే నడిచింది. వెబ్‌సైట్ పేరు ఇస్తే ఐపీ అడ్రస్ కనుక్కొచ్చే సర్వర్‌ని రిజాల్వర్ అంటారు. అది ప్రశ్నకి ఒక నంబర్ వేసి పంపుతుంది. అదే నంబర్‌తో ముందుగా వచ్చిన జవాబుని నమ్మి, క్యాష్‌లో దాచుకుని, అడిగినవాళ్లందరికీ అదే చెప్తుంది. ఒక హాస్టల్ వైఫై మొత్తం ఒకే రిజాల్వర్‌ని నమ్ముకుంటే, ఒక్క అబద్ధం చాలు.

ఆ నంబర్ 16 బిట్లే, అంటే 65,536 అవకాశాలు. అసలు లేని సబ్‌డొమైన్‌లని వరసగా అడిగిస్తూ పోతే దొంగకి ప్రతిసారీ కొత్త ఛాన్స్ దొరుకుతుందనీ, ఒక్కసారి నంబర్ తగిలితే మొత్తం డొమైన్ వాడి చేతికి పోతుందనీ 2008లో డాన్ కామిన్‌స్కీ చూపించాడు. బైండ్ లాంటి సర్వర్లకి ఆ జులైలో ఒకేసారి ప్యాచ్‌లు వచ్చాయి. విరుగుడు ఏంటంటే, ప్రశ్న పంపే పోర్టుని కూడా ప్రతిసారీ మార్చడం. అప్పుడు అవకాశాలు దాదాపు 400 కోట్లు. నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ ల్యాబ్స్ తయారుచేసిన ఓపెన్ సోర్స్ రిజాల్వర్ అన్‌బౌండ్‌లో ఈ ఏర్పాటు అప్పటికే ఉంది.

కానీ ఇది ఊహించడాన్ని కష్టం చేస్తుంది, అంతే. జవాబు నిజమని రుజువు చెయ్యదు. ఆ పని డీఎన్ఎస్‌సెక్‌ది. రూట్ సర్టిఫై చేసిన కీతో డాట్ ఇన్, డాట్ ఇన్ సర్టిఫై చేసిన కీతో దాని కింది డొమైన్ తమ రికార్డుల మీద డిజిటల్ సంతకం చేస్తాయి. రూట్‌కి ఈ సంతకం 2010 జులైలో వచ్చింది. రూట్ కీని చూసుకునే ఐకాన్ సంస్థ 57వ మీటింగ్ 2016 నవంబర్‌లో మన హైదరాబాద్ హెచ్ఐసీసీలోనే జరిగింది. 2018 అక్టోబర్ 11న ఆ కీ మొదటిసారి మారింది. అలా మారినప్పుడు కొత్త కీని అన్‌బౌండ్ తనే తెలుసుకోగలదు.

మీరే చూడండి. ఉబుంటులో ఆప్ట్‌తో అన్‌బౌండ్ వేసుకుని, డిగ్ కమాండ్‌తో 127.0.0.1ని "డీఎన్ఎస్‌సెక్-ఫెయిల్డ్ డాట్ ఆర్గ్" అడ్రస్ అడగండి. టెస్టింగ్ కోసం కావాలనే సంతకం చెడగొట్టిన డొమైన్ అది. సర్వ్‌ఫెయిల్ వస్తుంది. ప్లస్ సీడీ ఆప్షన్‌తో చెకింగ్ వద్దని చెప్పి మళ్లీ అడిగితే అడ్రస్ వచ్చేస్తుంది. ఆ తేడానే సెక్యూరిటీ.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. డీఎన్ఎస్‌సెక్ రుజువు చేస్తుందే గానీ దాచదు. మీరు ఏ సైట్ అడిగారో దారిలో ఎవరికీ కనిపించకూడదంటే డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ వాడాలి, అన్‌బౌండ్‌లో అదీ ఉంది. ఇక డొమైన్ యజమాని సంతకం చెయ్యకపోతే మన రిజాల్వర్ చెక్ చెయ్యడానికి ఏమీ ఉండదు. మనం ఫీజు కట్టే సైట్‌ని ఒకసారి ఇలాగే అడగండి. జవాబులో "ఏడీ" ఫ్లాగ్ కనిపిస్తే సంతకం సరిపోయినట్టు. కనిపించకపోతే, ఆ సైట్ చూసుకునేవాళ్లని అడగడానికి మనకి ఒక మంచి ప్రశ్న దొరికినట్టు.