మొండి తామర: కారణములు, చికిత్స

ప్రొద్దుటూరు మగ్గముల యొద్ద, జమ్మలమడుగు ప్రాంతపు బండల గనులలో, పులివెందుల చీనీ తోటలలో చెమటోడ్చి పనిచేయువారికి గజ్జలలోను, నడుము చుట్టును తామర పట్టుట సులభము. ఇది బూజుజాతి సూక్ష్మజీవి వలన కలుగు అంటువ్యాధి, రక్తదోషము కాదు. పూర్వము కొన్ని వారముల లేపనముతో మానెడి ఈ వ్యాధి ఇటీవల మన దేశమున మొండికెత్తినది. ఇందుకు ముఖ్యకారణములు రెండు.

మొదటిది, అంగడిలో అడిగి కొనెడి ట్యూబు మందు. ఇట్టి పలు ట్యూబులలో బూజును చంపు మందుతోపాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడు కలిసియుండును. అది దురదను, ఎరుపును రెండు మూడు దినములలో అణచును. చర్మపు రక్షణశక్తిని గూడ అణచును. పైకి మానినట్లు కనిపించు తామర నివురుగప్పిన నిప్పువలె వ్యాపించి, మందు ఆపగనే మరింత పెద్దదై బయటపడును. నెలల తరబడి రాసినచో చర్మము పలుచబడి చారలు పడును. ఇట్టి లేపనములను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము శాసించినది.

రెండవది, బూజు మందుకు లొంగకపోవుట. టెర్బినఫిన్ అను మందు బూజు పెరుగుటకు అవసరమగు ఒక ఎంజైమును అడ్డగించును. ఆ ఎంజైము రూపము మారిన బూజుపై అది పనిచేయదు. ఈ గుణము తరచుగా కనిపించు జాతికి 2020లో శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరిడిరి. 2023లో అమెరికాలో సైతము దీనిని గుర్తించిరి.

మరి చేయవలసినదేమి? ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చూపింపవలెను. వారి సలహాపై ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికిగాని, కడప సర్వజన వైద్యశాలకుగాని పోవచ్చును. మచ్చ అంచున పొట్టును గీకి సూక్ష్మదర్శినితో పరీక్షించినచో బూజు తెలియును. టెర్బినఫిన్‌కు లొంగనివారికి వైద్యులు ఇట్రాకొనజోల్ అను మాత్రలను కొన్ని వారములపాటు ఇత్తురు. గుండె, కాలేయ వ్యాధులున్నవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పవలెను. వాడుచున్న ఇతర మందులను, ముఖ్యముగా గ్యాసు మాత్రలను, దాచక తెలుపవలెను. గ్యాసు మాత్రలు ఇట్రాకొనజోల్ గుళికను ఒంటబట్టనీయవు. దురద తగ్గినంతనే మందు మానరాదు. వైద్యుడు చెప్పిన గడువు పూర్తిచేయవలెను.

ఇంటిలో తామర ఉన్నవారందరును ఒకేసారి చికిత్స పొందవలెను. తువ్వాలును, దుప్పటిని పంచుకొనరాదు. బట్టలను వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. స్నానానంతరము ఒడలు పొడిగా తుడుచుకొని వదులైన నూలుబట్టలు ధరింపవలెను. తడిసిన మొలత్రాడు బూజుకు ఆశ్రయమిచ్చును. చికిత్సాకాలమున దానిని తీసివేయుట మేలు.

రెండు దినముల ఉపశమనమును చూచి మోసపోక, సరియైన మందును పూర్తికాలము వాడినచో మొండి తామర సైతము లొంగును.