ఆరని కుంపటి

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. దీన్నే శోథ అంటారు. సూక్ష్మక్రిములతో తెల్ల రక్తకణాలు చేసే పోరాటమిది. గాయం మానగానే చల్లారాలి. చల్లారకపోతేనే చిక్కు.

ఊక కుంపటిలో మంట కనపడదు, లోపల రాజుతూనే ఉంటుంది. పొట్టలో పేరుకున్న కొవ్వూ అంతే. లావెక్కిన ఎలుకల కొవ్వులో టి.ఎన్.ఎఫ్. ఆల్ఫా అనే శోథకారకం ఎక్కువగా ఉందనీ, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ బాగా పనిచేస్తుందనీ హోటామిస్లిగిల్, స్పీగెల్‌మన్ ప్రభృతులు 1993లో చూపారు. వయసు మీరేకొద్దీ ఒంట్లో మిగిలిపోయే ముసలి కణాలు కూడా ఇటువంటి పదార్థాలనే వదులుతాయి. ఈ ముసలితనపు సెగకు ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సెస్కీ 2000లో ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టాడు.

“తీపి ముట్టని నాకు షుగరేమిట్రా?” అంటాడు మా నాన్న. సన్నటి మనిషే, కాని ట్రాక్టరు కొన్నాక నడక తగ్గి పొట్ట వచ్చింది. మన దేశంలో ఇలాంటివారు చాలామందే. నడక, కంటినిండా నిద్ర, పొగ మానడం ఈ సెగను తగ్గిస్తాయి.

మిత్రులారా! సెలవులకు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ నడుము కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే రక్తపరీక్ష చేయించండి. మనం చదివిన జీవశాస్త్రం ముందు మన ఇంటికి పనికిరావాలి.