కత్తి ఎదురైతే ఏం చేయాలి?

ప్రశ్న: నైట్ షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికొస్తాను. కత్తి లాక్కునే పట్లు నేర్చుకుంటే సరిపోతుందా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదమ్మా. శిక్షణలో రబ్బరు కత్తి నెమ్మదిగా, ఒక్కసారే వస్తుంది. నిజం దాడిలో క్షణాల్లో పదే పదే దిగుతుంది. గుద్దారనుకున్నవాళ్లు రక్తం చూశాకే అది కత్తిపోటని గ్రహిస్తారు. 21 అడుగుల దూరాన్ని దుండగుడు సుమారు ఒకటిన్నర సెకనులో దాటేయగలడని అమెరికా పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లోనే రాశారు. అందుకే పర్సు, గొలుసు అడిగితే ఇచ్చేయండి. అరుస్తూ పరుగెత్తండి. దారి లేకుంటే బ్యాగు అడ్డం పెట్టి మెడ, పొట్ట కాచుకోండి. ప్రాణరక్షణకు తిరగబడటం భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ప్రకారం నేరం కాదు. ఒంట్లో దిగిన కత్తిని మాత్రం పీకొద్దు, రక్తం ఎగజిమ్ముతుంది. దాని చుట్టూ గుడ్డతో గట్టిగా అదిమి, 108కి ఫోన్ చేయించండి.