విశ్వవిద్యాలయమునకు వెళ్లిన మన ఊరి బిడ్డ

కోటబొమ్మాళి ప్రాంతమునుండి ఒక యువకుడు పై చదువునకు వెళ్లి, ఆరు మాసములు నిండకమునుపే పెట్టెతో తిరిగివచ్చి బస్సు దిగినాడనుకొందము. "చదువు అబ్బలేదు" అని ఊరివారు ఒక్కమాటలో తేల్చివేయుదురు. నిజమునకు లోపము చదువులో ఉండకపోవచ్చును. ఉపకారవేతనము అందకపోవుటయో, పై తరగతివారి వేధింపో, ఎవరితోను చెప్పుకొనలేని దిగులో కారణము కావచ్చును. ఈ మూడింటికిని సహాయము కలదు. అది కలదని ఆ బిడ్డకు గాని, తల్లిదండ్రులకు గాని తెలియకపోవుటయే పెద్ద లోపము.

రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 విషయములు కలవు. వానిలో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఉన్నది గాని విశ్వవిద్యాలయముల ప్రసక్తి లేదు. కనుక ఇది మన పని కాదని కొందరు సభ్యులు తలపవచ్చును. కాని విద్యార్థికి వలసిన కాగితమును ధైర్యమును గ్రామమునందే మొదలగును.

దూరము తగ్గినది

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత చాలకాలము ఈ జిల్లావారికి ఉన్నతవిద్య యనిన వాల్తేరే. 2008లో ఎచ్చెర్లయందు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఏర్పడినది. 2016లో ఆ మండలమునందే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళ ప్రాంగణము ప్రారంభమైనది. ఇందు పదవ తరగతి ముగిసిన బాలబాలికలు ఆరేండ్ల చదువునకు చేరి, అచ్చటి వసతిగృహములందే నివసింతురు. పదునైదు, పదునారేండ్ల ప్రాయమున ఇల్లు విడుచు పిల్లలకు ఎంతటి అండ కావలెనో సభ్యులే ఊహింపగలరు.

కాగితములు

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు ఉపకారవేతనములు 1944లోనే ఆరంభమైనవి. ఈ కేంద్ర పథకమునకు తల్లిదండ్రుల వార్షికాదాయము రెండున్నర లక్షల రూపాయలు మించరాదు. గిరిజన, వెనుకబడిన తరగతుల విద్యార్థులకును ఉపకారవేతన పథకములు కలవు. వీనికి కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధారుతో జోడించిన బ్యాంకు ఖాతా ముఖ్యములు. పేరులో ఒక్క అక్షరము ఒకచోట ఒకవిధముగను, వేరొకచోట మరొకవిధముగను ఉన్నచో దరఖాస్తు నిలిచిపోవును. కళాశాలలో చేరుటకు ముందే వేసవి సెలవులలో ఈ తప్పులు సరిచూచుకొనవలెను. అంగవైకల్యము గలవారికి 2016 నాటి చట్టము ప్రకారము ఉన్నతవిద్యలో నూటికి 5కు తక్కువ కాకుండ సీట్లు కేటాయింపవలసియున్నది. అందులకు వైద్యుల ధ్రువపత్రము అవసరము.

ఫిర్యాదు

ర్యాగింగు అనబడు వేధింపును మన రాష్ట్రమున 1997 నాటి చట్టము నేరముగా నిర్ణయించినది. "అది అందరికిని ఉండునదే, సహింపుము" అని పెద్దలు చెప్పరాదు. 1800-180-5522 అను నంబరునకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. స్త్రీలపై లైంగిక వేధింపులను విచారించుటకు ప్రతి విద్యాసంస్థయందును అంతర్గత సంఘము ఉండవలెను.

ఇతర కష్టములకు 2023 నాటి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు నిబంధనలు మార్గము చూపుచున్నవి. ప్రతి సంస్థయందును విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘము ఉండవలెను. అది సాధ్యమైనంతవరకు 15 పని దినములలో నివేదిక ఇయ్యవలెను. తీర్పు నచ్చనిచో 15 దినములలో అంబుడ్స్‌పర్సన్ అను విచారణాధికారికి అప్పీలు చేసుకొనవచ్చును. అసలు ధ్రువపత్రములు తిరిగి ఇయ్యకుండ అట్టిపెట్టుకొనుటయు ఫిర్యాదు చేయదగిన విషయమే. పత్రములు చిక్కుకొని మరొకచోట చేరలేకపోయిన పిల్లల తల్లిదండ్రులు ఇది ముఖ్యముగా తెలిసికొనవలెను. ఫిర్యాదును వ్రాతమూలకముగా ఇచ్చి, నకలు దాచుకొనుట మేలు.

మనస్సు క్రుంగినపుడు

జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతుము. మనస్సు క్రుంగినచో "పిరికితనము" అందుము. ఈ భేదము ప్రాణములు తీయుచున్నది. నూరుగురు లేక అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు తగిన అర్హత గల సలహాదారుని ఒక్కరినైనను నియమింపవలెనని సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశించినది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరుపై ఏ వేళనైనను ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును. ఫోనులో పిల్లవాని మాట తగ్గినను, భోజనము సహింపకున్నదనినను, తల్లిదండ్రులు కోపగింపక వెళ్లి చూడవలెను.

పంచాయతీ చేయదగినవి

1. ఊరినుండి పై చదువునకు వెళ్లినవారి పేర్లు ఒక పుస్తకమున వ్రాసికొని, ఉపకారవేతనము అందినదీ లేనిదీ అప్పుడప్పుడు విచారింపవలెను.

2. పైన చెప్పిన రెండు ఫోను నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

3. చదువు ముగించినవారిచేత క్రొత్తగా చేరువారికి వసతిగృహము, గ్రంథాలయము, కార్యాలయముల పద్ధతులు చెప్పింపవలెను. కొత్తమ్మతల్లి జాతరకు పిల్లలు ఇంటికి వచ్చు సమయము ఇందులకు అనుకూలము.

4. మధ్యలో తిరిగివచ్చిన విద్యార్థిని నిందింపక, ఒక సభ్యుడు అతనితో కూర్చుండి కారణము అడిగి తెలిసికొనవలెను.

వీనిలో ఏ ఒక్కదానికిని పెద్ద నిధులు అక్కరలేదు. తల్లిదండ్రులు కాయకష్టము చేసి పంపిన బిడ్డ, ఒక కాగితము లేకనో, ఒక మాట చెప్పువారు లేకనో వెనుకకు రాకూడదు. రేపటి దినమున మన ఊరి ఆసుపత్రికి వైద్యుడుగనో, బడికి ఉపాధ్యాయినిగనో రావలసినది ఆ బిడ్డయే కదా!