ఆసుపత్రిలో నిద్ర కూడా చికిత్సలో భాగమే

న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పెద్దాయన మూడో రాత్రి ఉన్నట్టుండి మంచం దిగి వెళ్లిపోతానంటాడు. కన్నకొడుకునే గుర్తుపట్టడు. తెల్లవారేసరికి మామూలుగా మాట్లాడతాడు. ఇంట్లోవాళ్లు మతి తప్పిందని బెంబేలెత్తుతారు. వైద్యులు ఈ స్థితిని డెలీరియం అంటారు.

ఇది డిమెన్షియా కాదు. డిమెన్షియా సాధారణంగా నెలలు, ఏళ్ల తరబడి ముదురుతుంది. డెలీరియం గంటల్లో లేదా రోజుల్లో మొదలై, పూటపూటకూ మారుతుంటుంది. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం హెచ్చుతగ్గులు, నొప్పి, కొన్ని మందులు దీనికి కారణమవుతాయి. అందరూ కేకలు వేయరు. కొందరు మగతగా, ముభావంగా పడుకుని ఉంటారు. దాన్ని దిగులుగానో, నీరసంగానో పొరబడే ప్రమాదం ఎక్కువ.

నిద్ర చెడితే సమస్య మరింత జటిలమవుతుంది. మెదడులోని హైపోథాలమస్‌లో ఉండే జీవ గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. చీకటి పడ్డాకే మెలటోనిన్ హార్మోన్ బాగా విడుదలవుతుంది. వార్డులో రాత్రంతా దీపాలు వెలుగుతుంటే ఈ లయ తప్పుతుంది. శబ్దం సంగతీ అంతే. రాత్రివేళ వార్డుల్లో సగటు శబ్దం 30 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మామూలు సంభాషణే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కు ధ్వని తీవ్రత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఇది వెయ్యి రెట్లు ఎక్కువ.

యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనౌయే బృందం 70 ఏళ్లు, ఆ పైబడిన 852 మంది రోగులపై జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. నిద్రమాత్రకు బదులు గోరువెచ్చని పాలు, వీపు మర్దన, రాత్రి నిశ్శబ్దం. పగలు నడిపించడం, తగినన్ని నీళ్లు, కళ్లద్దాలు, వినికిడి యంత్రాలు అందుబాటులో ఉంచడం, తేదీ, చోటు గుర్తుచేయడం వంటివి పాటించారు. మామూలు సంరక్షణలో 15 శాతం మందికి డెలీరియం రాగా, ఇక్కడ 9.9 శాతానికి తగ్గింది. అయితే ఒకసారి వచ్చాక దాని తీవ్రతపై ఈ చర్యలు చెప్పుకోదగ్గ ప్రభావం చూపలేదు. అంటే ముందుజాగ్రత్తే కీలకం.

లొరాజెపామ్, ఆల్‌ప్రజోలామ్ వంటి మందులు వృద్ధుల్లో డెలీరియం ముప్పును పెంచగలవు. కానీ వాటికి, లేదా మద్యానికి అలవాటుపడినవారు హఠాత్తుగా మానేసినా ప్రమాదమే. అందుకే ఈ అలవాట్లను చేరిన రోజే వైద్యునికి దాచకుండా చెప్పాలి.

మన ఆసుపత్రుల్లో రోగి పక్కన సాధారణంగా ఇంటివారొకరు ఉంటారు. రోగి తీరులో మార్పును ముందుగా పసిగట్టగలిగేది వారే. “నిన్నటిలా లేరు” అనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. ఇంటికి చేరాక కూడా దిగులు, నిద్రలేమి వదలకపోతే వైద్యుణ్ణి కలవాలి. మానసిక సాంత్వనకు ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా లభిస్తుంది.